మైకెన్ ఇంటి మార్పిడి

మైకెన్ పగ గురించి చెప్పాలంటే ముందు ఆమె చేతుల గురించి చెప్పాలి. ముప్ఫై రెండేళ్లుగా ఆ చేతులు ఊళ్లోవాళ్లకి కట్టుడు పళ్లు తయారుచేశాయి. ఒక్కో పన్నునీ గీకి, రుద్ది, మెరుగుపెట్టి, వెలుతురులో పెట్టి చూసుకుని, మళ్లీ గీకేది. పెట్టుకున్న మనిషి వారం తిరిగేలోగా అది తన సొంత పన్ను కాదన్న సంగతే మర్చిపోవాలి, అప్పటిగ్గానీ ఆమెకు తృప్తి ఉండేది కాదు. అంత ఓపికున్న మనిషి పగని మాత్రం మోటుగా ఎందుకు వదిలేస్తుంది? దాన్నీ అలాగే తొమ్మిదేళ్లు గీకుతూ కూర్చుంది.

నా పేరు గున్‌వోర్. స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్ ఊళ్లో, ట్రాము లైను చివర మాదో మూడంతస్తుల పాత బిల్డింగు. కింది ఫ్లాటు నాది. నా కాళ్ల కింద సెల్లారులో అందరికీ కలిపి ఒక లాండ్రీ గది. నా నెత్తిమీద మైకెన్. మైకెన్ గోడకి అవతల బెర్టిల్. ఎవరు ఎక్కడున్నారో ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

బెర్టిల్ ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. చూడటానికి టికెట్లు లేకుండా పోయేసరికి మా మీద పడ్డాడు. సైకిలు ఎక్కడ ఆనించారు, చెత్త ఏ డబ్బాలో వేశారు, మెట్ల కిటికీ ఎవరు తెరిచి వదిలేశారు. అన్నిటికంటే ఎక్కువగా లాండ్రీ గది. అక్కడ గోడకి ఒక బోర్డుంటుంది. రోజుకి మూడు వంతులు, వంతుకొక కన్నం. మన ఫ్లాటు నంబరున్న చిన్న తాళాన్ని ఏ కన్నంలో బిగిస్తే ఆ పూట మెషీను మనది. గురువారం ఒంటిగంట కన్నంలో ఐదో నంబరు తాళం, అంటే బెర్టిల్‌ది, ముప్ఫయ్యేళ్లుగా కదల్లేదు. అది రూలు ప్రకారం తప్పే, ఎవరి తాళమూ ఒకే చోట పాతుకుపోకూడదు. కానీ రూల్సు చూసేదే ఆయన కాబట్టి ఆయన్ని చూసేవాడు లేడు. ఇక ఆదివారం సంగతంటారా, బోర్డు మీద ఆదివారానికి అసలు కన్నాలే లేవు, ఆ రోజు మెషీను వెయ్యకూడదన్నమాట.

తొమ్మిదేళ్ల కిందట మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం మైకెన్ ఆ గదిలోకి దిగింది. పైన ఆమె మొగుడు లెనార్ట్ మంచంలో ఉన్నాడు. డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. రోజుకి రెండుసార్లు దుప్పట్లు మార్చాల్సి వచ్చేది. ఆ రోజు ఉతికినవి ఒక్కటీ మిగల్లేదు. నాలుగు దుప్పట్లు మెషీనులో వేసి మైకెన్ పైకెళ్లింది. అరగంట తర్వాత ఆమె తలుపు ముందు నల్ల చెత్తసంచి ఒకటి కనిపించింది. అందులో నీళ్లోడుతున్న నాలుగు దుప్పట్లు. సంచికి అంటించిన చీటీ మీద, 'ఈ ఇంట్లో అందరికీ ఒకటే రూలు. ఫ్లాటు ఐదు.'

పదకొండు రోజులకి లెనార్ట్ పోయాడు. మైకెన్ ఆ దుప్పట్లు మళ్లీ ఉతికింది. సంచిని కడిగి, ఆరబెట్టి, మడిచి, చీటీతో సహా వంటింటి సొరుగులో పెట్టింది. బెర్టిల్‌ని ఒక్క మాట అనలేదు. మెట్ల మీద ఎదురైతే గోడని చూసినట్టు చూసేది. ఆయనకది పెద్ద పట్టింపుగా కూడా ఉండేది కాదు, మా దేశంలో మెట్ల మీద ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనే మొదలుపెట్టాను గానీ, చెప్పకపోతే ఈ కథకి కాళ్లుండవు.

ఆ ఆదివారం బెర్టిల్‌కి ఫోన్ చేసింది నేను.

నాకు నిద్ర తేలిక, తలనొప్పి ఎక్కువ. ఆ సాయంత్రం తలకి తడిగుడ్డ చుట్టుకుని పడుకున్నాను. కింద మెషీను గుడగుడమంటోంది. ఆదివారం పూట ఇదేం పోయేకాలం అనుకున్నాను. లెనార్ట్ జబ్బు సంగతి నాకు తెలుసు. కింద తిరుగుతున్నవి అతని దుప్పట్లని మాత్రం తెలియదు. తెలుసుకోవాలంటే సెల్లారుకి పన్నెండు మెట్లు దిగాలి. ఫోనేమో చేతికందేంత దూరంలో ఉంది. "బెర్టిల్, కింద ఎవరో మెషీను వేశారు, కాస్త చూడండి" అన్నాను. అంతే. సంచిలో కుక్కమని నేను చెప్పానా? చెప్పలేదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

లెనార్ట్ పోయిన వారానికి ఏలకుల బన్నులు చేసి పట్టుకెళ్లాను. మైకెన్ తలుపు తీసి, సొరుగు లాగి, సంచి చూపించి, మొత్తం చెప్పింది. అప్పుడు నోరు విప్పాల్సింది. నేను ఏం చేశానంటే, "వాడు మనిషేనా" అన్నాను. ఆ తర్వాత ప్రతి శనివారం బన్నులు పట్టుకుని పైకి వెళ్లడం అలవాటైపోయింది. ఆమె బెర్టిల్‌ని తిట్టేది, నేను వంత పాడేదాన్ని. అలా స్నేహితులమయ్యాం.

ఈ ఏడు ఏప్రిల్లో మైకెన్ పనిచేసే కట్టుడు పళ్ల ల్యాబు యజమాని అందర్నీ కూర్చోబెట్టి కేకు పెట్టించాడు. కేకు చూడగానే ఏదో మూడిందని అందరికీ అర్థమైందట. ఆగస్టుకి గోథెన్‌బర్గ్ ల్యాబు మూసేస్తున్నారు. కావాలంటే తూర్పు తీరాన కల్మార్ ల్యాబులో ఒక ఉద్యోగముంది, లేదా ఉత్తరాన ఊమియోలో ఒకటుంది. మే ముప్ఫై ఒకటిలోగా జవాబివ్వాలి, లేకపోతే దారి చూసుకోవడమే. మైకెన్‌కి యాభై ఎనిమిది. పళ్లు ఇప్పుడు యంత్రాలే చెక్కేస్తున్నాయి. ఆ వయసులో కొత్తగా ఎవరు రమ్మంటారు?

ఉద్యోగం ఒక ఎత్తు, ఇల్లు ఇంకో ఎత్తు. అద్దె ఇంటి కోసం ఊరి క్యూలో పేరు రాయించుకుంటే, పుట్టిన పిల్లకి పెళ్లీడు వచ్చేలోపు వంతు రావచ్చు. అంత సమయం లేనివాళ్లకి మార్పిడే దిక్కు. నా ఇల్లు నువ్వు తీసుకో, నీ ఇల్లు నాకివ్వు. ఇళ్ల యజమానులిద్దరూ ఒప్పుకోవాలి, కారణం గట్టిగా ఉండాలి. ఉద్యోగం మారడం గట్టి కారణమే. మైకెన్ ప్రకటన పెట్టింది, మే మొదటి వారానికి పనికొచ్చేవి రెండు తేలాయి.

కల్మార్ నుంచి ఒక రిటైరైన లైబ్రేరియన్. చెల్లెలికి దగ్గరగా ఉండాలని గోథెన్‌బర్గ్ వస్తానంటున్నాడు. ఆయనది రెండు గదుల ఇల్లు, బాల్కనీలోంచి సముద్రం, ల్యాబుకి పది నిమిషాల నడక. నవ్వినా చప్పుడు రాని మనిషి. ఫోటోలో ఇల్లు చూసి నేనే మనసు పారేసుకున్నాను.

ఊమియో నుంచి ఒక కుటుంబం. హోకన్, మాలిన్, ముగ్గురు పిల్లలు. హోకన్ ట్రాంబోన్ మేష్టారు. అంత పెద్ద ఇత్తడి బాకాని ఇంట్లోనే సాధన చేస్తానని ఉత్తరంలో ముందే రాసుకున్నాడు, నిజాయితీపరుడు. ఆ ఊళ్లో ఆరు నెలలు మంచు. మైకెన్‌కి చలి తగిలితే వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారిపోతాయి. ఇక్కడే నవంబరులో ట్రాము దిగి ల్యాబుకెళ్లి, పావుగంట వేళ్లు వేడినీళ్లలో పెడితేగానీ పనిముట్టు పట్టుకోలేదు.

ఇందులో ఆలోచించడానికేముంది? నాకైతే ఏమీ కనిపించలేదు.

"కల్మార్ ఆయనకి ఎప్పుడు ఫోన్ చేస్తున్నావే?" అన్నాను, ఆ శనివారం బన్ను చేతికిస్తూ.

"చెయ్యను. ఊమియో వెళ్దామనుకుంటున్నా."

"మతిపోయిందా? నీ వేళ్లు చూసుకున్నావా?"

"వేళ్లు కాదు, గోడ చూసుకున్నా" అంది, బెర్టిల్ వైపు గోడ మీద అరచేత్తో కొట్టి. "దీనికి అవతల వాడి మంచముంది. ఇవతల ట్రాంబోన్ ఉంటుంది. ముగ్గురు పిల్లలుంటారు. పొద్దున్నే ఆరింటికి లేచి పరిగెత్తే పిల్లలు. ఆ ముసలాయన ప్రాణం ఉసూరుమనాలి, గున్‌వోర్. ప్రతిరోజూ. బతికినన్నాళ్లూ."

"నువ్వక్కడ చలికి చచ్చి, ఇక్కడ వాణ్ణి ఏడిపిస్తావా?"

"ఏడిపిస్తాను."

"సముద్రం ఉందే పిచ్చిదానా! బాల్కనీ!"

"కల్మార్ ఆయన్ని తెచ్చి వాడి పక్కన పెట్టమంటావా? ఆయన పేజీ తిప్పినా వినబడదు. వాడికి వరం ఇచ్చి పోవాలా నేను? తొమ్మిదేళ్లు దాచింది అందుకేనా?"

నేను గట్టిగా వాదించాను. ఆమె వేళ్ల కోసమే వాదించానని అప్పుడు నమ్మాను కూడా. ఇప్పుడు చూసుకుంటే, ఆ గోడ గురించి ఆమె మాట్లాడుతుంటే నా బుర్ర మాత్రం నేల గురించి ఆలోచిస్తోంది. గోడవతల బెర్టిల్ సరే. నేల కింద ఉన్నది నేను కదా. ఆ మాట పైకి అనలేక వేళ్లు, చలి, సముద్రం అంటూ తిరిగాను.

ఇల్లు చూడటానికి ఊమియో కుటుంబం ఒక బుధవారం దిగింది. కాఫీ పోయడానికి నేనూ ఉన్నాను. హోకన్ గుమ్మం పైకమ్మీకి తల తగులుతుందేమోనన్నంత పొడుగు. బాకా భుజానే ఉంది. ఇల్లంతా తిరిగి, గది మధ్యలో నిలబడి, "మీరేమీ అనుకోకపోతే ఒక్కసారి ఊది చూడనా? గది ఎలా పలుకుతుందో చూద్దామని" అన్నాడు సిగ్గుపడుతూ.

"అయ్యో, ఊదండి, ఊదండి! ఎంతసేపు కావాలంటే అంతసేపు" అంది మైకెన్.

ఊదాడు. కప్పులు గలగలమన్నాయి. రెండోసారి ఊదేసరికి అవతలి నుంచి గోడ మీద టకటకమని కొట్టిన చప్పుడు. మైకెన్ మొహం నేను మర్చిపోలేను. లెనార్ట్ పోయాక ఆమె అంత ఆనందపడటం నేను చూడలేదు.

అప్పుడు మాలిన్ అడిగింది. "లాండ్రీ గది ఎలా ఉంటుందండీ ఇక్కడ? వంతులు దొరుకుతాయా?"

ఆమె ఒళ్లో చిన్న పిల్ల కూర్చుంది. టూవా, ఆరేళ్లు. మే నెల ఎండలో కూడా చేతులకి తెల్లటి నూలు గ్లౌజులు. ఆ పిల్లకి చర్మం జబ్బు. గీరుకుంటే రక్తం వస్తుంది. ఏ రోజు దుప్పట్లు ఆ రోజు ఉతకాల్సిందే. గోథెన్‌బర్గ్ ఆసుపత్రిలో మంచి వైద్యం ఉందనే వాళ్లు ఇక్కడికి రావాలనుకుంటున్నారు. "ఒక్కోసారి సెలవురోజుల్లో కూడా ఉతకాల్సి వస్తుంది. ఇప్పుడున్న చోట పక్కవాళ్లు మంచివాళ్లు, ఏమీ అనరు. ఇక్కడ ఎలా ఉంటారో అని" అంది మాలిన్.

మైకెన్ మొహంలో ఆనందం ఎటు పోయిందో పోయింది. కాఫీ కెటిల్ నా చేతిలోంచి తీసుకుని, నిండుగా ఉన్న కప్పులోనే మళ్లీ పోసింది.

"చూసి చెబుతాను" అంది చివరికి.

వాళ్లు వెళ్లాక కప్పులన్నీ కడిగి బోర్లించింది. తర్వాత సొరుగు లాగి సంచి తీసి బల్ల మీద పెట్టింది. "బాకా వాడి చెవిలో ఊదిద్దామనుకున్నా. ఆ పిల్ల దుప్పట్లు తీసుకెళ్లి వాడి చేతిలో పెడుతున్నానన్నమాట" అంది.

"అందుకే కల్మార్ వెళ్లు" అన్నాను. నా గొంతులో తొందర నాకే వినిపించింది.

"వెళ్తే? ఈ పిల్ల తల్లికి ఇల్లు పోతుంది, వాడికి వరం దొరుకుతుంది."

"మరేం చేస్తావు?"

"రేపు గురువారం కదా" అంది.

మర్నాడు ఒంటిగంటకి మైకెన్ సంచి చంకలో పెట్టుకుని సెల్లారుకి దిగింది. నేను ఖాళీ బుట్ట ఒకటి పట్టుకుని వెనకాలే బయల్దేరి, ఎనిమిదో మెట్టు మీద ఆగిపోయాను. తలుపు సగం తెరిచే ఉంది. బెర్టిల్ మెషీనులో తన చొక్కాలు వేసి, దాని ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉతుకుతున్నంతసేపూ కాపలా కూర్చుంటాడు ఆయన.

"ఇది మీ రాతేనా?" మైకెన్ గొంతు మామూలుగానే ఉంది.

బెర్టిల్ జేబులు తడుముకున్నాడు. కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడేమో. "ఫ్లాటు ఐదు. నాదే. ఎప్పటిది ఇది?"

"తొమ్మిదేళ్లయింది."

"నాకు గుర్తులేదే."

ఆమె ఇక అరుస్తుంది, ఏదో ఒకటి విసిరేస్తుంది అనుకున్నాను. మైకెన్ అరవలేదు.

"పర్లేదు, నాకు ఇద్దరికి సరిపడా గుర్తుంది" అంది. "నాలుగు దుప్పట్లు. మెషీను మధ్యలో ఆపి, నీళ్లు కారుతుంటే తీసి, ఇదిగో ఈ సంచిలో కుక్కారు. ఆ రాత్రి మా ఆయన్ని తువ్వాళ్ల మీద పడుకోబెట్టాను. తువ్వాళ్లు చాల్లేదు. ఆయన నాతో ఏమన్నాడో తెలుసా? సారీ అన్నాడు. పక్క తడిపినందుకు. పదకొండు రోజుల్లో పోయే మనిషి నాకు సారీ చెప్పాడండీ. ఆ సారీ నాది కాదు, మీది. తొమ్మిదేళ్లుగా నా దగ్గరుంది. తీసుకోండి."

"ఆ రోజు ఆదివారం..."

"ఆదివారమే."

"చూడమ్మా, ఆదివారం నేను ఊరికే కిందికి దిగే మనిషిని కాదు. నాకై నేను రాలేదు. ఎవరో..."

సరిగ్గా అప్పుడు మెషీను నీళ్లు పిండటానికి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆ పాత మెషీను పిండుతుంటే గోడలదురుతాయి. ఐదు నిమిషాలు ఒక్క ముక్క వినబడలేదు. జీవితంలో మొదటిసారి ఆ చప్పుడు ఆగాలని కాకుండా, ఆగకూడదని కోరుకున్నాను. ఆగింది. మైకెన్ బయటికి వచ్చింది. ఎనిమిదో మెట్టు మీద నన్ను చూసింది, నా ఖాళీ బుట్టని చూసింది.

"ఇవాళ నీ వంతు కాదుగా గున్‌వోర్."

"లేదూ... బట్టలు మర్చిపోయానేమోనని..."

"ఓహో" అని పక్కకి తప్పుకుని పైకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కిందికి దిగి చూస్తే గురువారం ఒంటిగంట కన్నం ఖాళీగా ఉంది. ఐదో నంబరు తాళం మంగళవారం పొద్దుటికి మారింది. ముప్ఫయ్యేళ్ల తాళం పోయిన చోట చుట్టూ దుమ్ము గీత మాత్రం మిగిలింది. ఇంకేం జరిగిందో మైకెన్ చెప్పలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

తర్వాతి శనివారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. బన్నులు పట్టుకెళ్లేదాన్ని. ఎప్పటిలాగే రెండు తినేది. బెర్టిల్‌ని మాత్రం తిట్టడం మానేసింది. నేను వేళ్లు, చలి అని మొదలుపెడితే వినేది. ఒకసారి ఉన్నట్టుండి అడిగింది, "నీకు ఈమధ్య నిద్ర బాగా పడుతోందా?"

"ఏదో, ఎప్పటిలాగే."

"పాపం, నీకు ముందునుంచీ తేలిక నిద్ర కదా" అంది.

మే ముప్ఫై ఒకటిన తలుపు కొట్టి చెప్పింది. ఊమియో ఖాయం చేసింది. ల్యాబుకి జవాబు పంపేసింది. హోకన్‌కి ఫోన్ చేసేసింది. కల్మార్ లైబ్రేరియన్‌కి క్షమించమని ఉత్తరం కూడా వేసేసింది.

"నీ చేతులేమైపోతాయే?" నిజంగానే ఏడుపొచ్చింది నాకు. అందులో సగం నా కోసమేనని ఒప్పుకుంటాను.

"రెండు జతల గ్లౌజులు తొడుక్కుంటా. పిల్లకి గురువారం దొరికింది, మిగతా రోజులు వాళ్లమ్మ చూసుకుంటుంది. బెర్టిల్ ఇక ఆ గదిలో ఎవరి మెషీనూ ఆపడు, నాకు మాటిచ్చాడు. చీటీ వెనకాల రాసి సంతకం పెట్టించాను" అంది. పళ్ల కొలత తీసుకున్నంత కచ్చితంగా చేసుకొచ్చింది పని.

జూలైలో ఇళ్ల యజమానులిద్దరూ ఒప్పుకున్నారు. జూలై చివర ఒకరోజు నా నెత్తిమీద ఏదో చీరుతున్న చప్పుడు. పైకెళ్లి చూస్తే మైకెన్ మోకాళ్ల మీద కూర్చుని నేల మీది పరుపు ఊడదీస్తోంది. కార్పెట్ కింద చప్పుడు మింగే కార్కు బెరడు మందంగా అతికించి ఉండేది. పాతికేళ్ల కిందట లెనార్ట్ వేసిన పరుపు అది. తన అడుగుల చప్పుడు కింద నాకు వినపడకూడదని, నేను అడక్కుండానే వేశాడు.

"అది ఎందుకు తీస్తున్నావు?"

"పాతదైపోయింది. కొత్తవాళ్లకి ఇల్లు శుభ్రంగా ఇవ్వాలి కదా." ఒక ముక్క పీకి పక్కన పడేసింది. కింద చెక్క పలకలు బయటపడ్డాయి. కాలు పెడితే కిర్రుమన్నాయి.

నేను కిందికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. అప్పటికే నాకు అర్థమై ఉండాలి. అర్థమైంది కూడా. కాదని సర్దిచెప్పుకోవడంలో నాకు తొమ్మిదేళ్ల అనుభవం ఉంది.

ఆగస్టులో సామాను లారీ వచ్చింది. మంచం, కుర్చీలు, లెనార్ట్ పుస్తకాల పెట్టె పైనుంచి దించి అందులో ఎక్కించారు. ఊమియో నుంచి వచ్చిన లారీ వెనకాలే నిలబడి ఉంది. మైకెన్ తన ఇంటి తాళంచెవి మాలిన్ చేతికిచ్చింది, గ్లౌజుల పిల్ల చెంప తాకకుండా జుట్టు నిమిరింది. చివరికి నా తలుపు దగ్గరికి వచ్చి, మడిచిన నల్ల సంచి నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వుంచుకో."

"ఇది... బెర్టిల్‌ది కదా."

"సంచి ఆయనది. ఫోను నీది."

మెట్ల మీద పైవాళ్ల పిల్లలు అప్పటికే ఎక్కుతూ దిగుతూ ఉన్నారు.

"ఆ గురువారమే చెప్పాడా?" అన్నాను.

"ఆ రోజే."

"మూడు నెలలు! మూడు నెలలు నా బన్నులు తింటూ ఒక్క మాటైనా..."

"నీ బన్నులు బాగుంటాయి" అంది మైకెన్. "నువ్వు తొమ్మిదేళ్లు తినిపించావు. నాలుగొందల పైచిలుకు శనివారాలు. ఏదో ఒక శనివారం చెబుతావేమో అని ఈ మూడు నెలలూ చూశాను. మే నెలాఖరులోగా చెప్పుంటే కల్మార్ వెళ్లేదాన్నేమో. చెప్పలేదు. వేళ్లన్నావు, చలన్నావు."

"మైకెన్, నాకు తెలియదే. అవి లెనార్ట్‌వని తెలియదు. ఒట్టు."

"తెలియదని తెలుసు. దిగి చూడలేదనీ తెలుసు." ఆమె కళ్లలో నీళ్లు లేవు. "బెర్టిల్ రాతి మనిషి. రాయి మీద కోపం ఎన్నాళ్లుంటుంది? ఆయనతో ఆ గదిలోనే సరిపోయింది. నిన్ను నేను ఇంట్లో కూర్చోబెట్టుకున్నాను గున్‌వోర్. కల్మార్ వెళితే నాకు సముద్రం దక్కేది, నీకు నిశ్శబ్దం దక్కేది. నీకు నిశ్శబ్దం ఇచ్చి పోవడానికి నాకు మనసొప్పలేదు."

"నువ్వు అక్కడ చలికి..."

"నేను ఓర్చుకుంటా. నువ్వూ ఓర్చుకో. ఎప్పుడైనా ఎవరికైనా ఫోన్ చెయ్యాలనిపిస్తే, ముందు కిందికి దిగి ఎవరి దుప్పట్లో చూడు" అని లారీ ఎక్కింది. తలతిప్పి చూస్తుందేమోనని రోడ్డు మలుపు దాకా చూశాను. చూడలేదు.

ఇప్పుడు నవంబరు. పొద్దున్న ఆరింటికి నా నెత్తిమీద చెక్క పలకల మీద ముగ్గురు పిల్లల ఆరు కాళ్లు. నాలుగింటి నుంచి ట్రాంబోన్. హోకన్ ఇప్పుడు ఒకే పాట సాధన చేస్తున్నాడు, అందులో ఒకే చోట రోజూ తప్పుతాడు. ఆ తప్పు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను. బెర్టిల్ చెవుల్లో మైనం పెట్టుకుంటున్నాడట. నాకు మైనం పెట్టుకున్నా కాళ్ల కింద మెషీను అదురు తెలుస్తూనే ఉంటుంది.

మైకెన్ నుంచి అక్టోబరులో ఒక కార్డు వచ్చింది. అక్షరాలు పిల్లల రాతలా వంకరగా ఉన్నాయి, వేళ్లు సహకరించనట్టున్నాయి. 'మంచు మొదలైంది. నీకు నిద్ర పడుతోందా?' అంతే రాసింది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. నాలుగుసార్లూ అవే మాటలు వచ్చాయి. నాకు తెలియదే మైకెన్, అని. కాగితాలు చింపేశాను.

మొన్న ఆదివారం సాయంత్రం తలనొప్పి. తలకి తడిగుడ్డ చుట్టుకున్నాను. పైన బాకా ఆగింది, బతికానురా అనుకునేలోపు కింద మెషీను గుడగుడమంది. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. ఎంత పాత అలవాటో చూడండి.

ఫోన్ వదిలి లేచాను. పన్నెండు మెట్లూ దిగాను.

మాలిన్ మెషీను ముందు నేల మీద కూర్చుని ఉంది. పక్కన బుట్టలో చిన్న దుప్పటి, మీద గోధుమరంగు మరకలు. నన్ను చూడగానే గబుక్కున లేచి బుట్టని వెనక్కి లాక్కుంది. "ఆదివారమని తెలుసండీ. ఇంకో గంటలో అయిపోతుంది. పాపకి ఇవాళ బాగా ఎక్కువైంది, ఒక్కటీ మిగల్లేదు" అంది.

"ఫర్వాలేదు, నేనేమీ అనడానికి రాలేదు" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. "మైకెన్ గారు చెప్పారు లెండి. ఇక్కడ ఏం అవసరమొచ్చినా భయపడకు, కింది ఫ్లాటులో గున్‌వోర్ ఉంది, ఆవిడకి అన్నీ వినిపిస్తాయి అని."

"అవును, అన్నీ వినిపిస్తాయి" అన్నాను.

పైకి వచ్చి వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మెషీను ఇంకో గంట తిరిగింది. చివర్లో గోడలదిరేలా పిండింది. ఆగేదాకా విన్నాను.